‘సహకరించడం లేదు’ అని రాసే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి నీ ఆన్‌లైన్ డిమెన్షియా (మతిమరుపు జబ్బు) కోర్సు గురించి ఫోన్‌లో “నాన్నా, మూడో వీడియోలో కునుకు పట్టింది, లేచేసరికి ఏడోది నడుస్తోంది” అన్నావు. దానికి నవ్వాను. ఆ తర్వాత అన్నమాటకి మాత్రం నవ్వు రాలేదు. “పన్నెండు గంటలు నర్సుగా వార్డులో మనుషుల్ని చూసొచ్చి, మళ్లీ తెర ముందు కూర్చుని మనుషుల్ని చూసుకోవడం నేర్చుకోవడమేంటి? తెర ముందు కూర్చుంటే చేతికి పని వస్తుందా? మానేస్తాను” అన్నావు. వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. నాకు మాట్లాడటం కంటే రాయడం తేలిక, నీకు తెలుసుగా.

మూడేళ్ల కిందట నేను డిమెన్షియా కోర్సులో చేరినప్పుడు మీ అమ్మ “54 ఏళ్లకి హోంవర్కా?” అంది. నిజం చెప్పాలంటే నేనూ ఆసక్తితో చేరలేదు. ఏటా చూపించాల్సిన చదువు గంటలు తక్కువపడ్డాయి. ఇంట్లోంచి చేసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, అంతే. ఫిజియోథెరపిస్టుగా అప్పటికి 28 ఏళ్ల సర్వీసు. మతిమరుపు ఉన్న ముసలివాళ్లని వందలమందిని నడిపించాను, నాకు కొత్తగా చెప్పేదేముందిలే అనుకున్నాను. మొదటి రెండు వారాల పాఠాలు ఒకటిన్నర స్పీడులో పెట్టి చూశాను. ఒకావిడ టామ్ కిట్‌వుడ్ గురించి చెబుతోంది. బ్రిటన్‌లో బ్రాడ్‌ఫర్డ్ యూనివర్సిటీలో పనిచేసిన ఆయన, డిమెన్షియా ఉన్న మనిషిని చుట్టూ ఉన్నవాళ్లు చెడ్డ ఉద్దేశం లేకుండానే ఎన్ని రకాలుగా చిన్నబుచ్చుతారో లెక్కగట్టి 17 రకాలు చెప్పారు. అందులో ఒకటి, వాళ్లు అందుకోలేనంత వేగంగా మాట్లాడటం, పనులు చేయించడం. అది విన్నాక స్పీడు మామూలుకి తగ్గించాను. ఎవరూ చూడలేదు గానీ సిగ్గేసింది.

ఆ రోజుల్లోనే నాకొక పెద్దాయన్ని అప్పగించారు. పడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. డిమెన్షియాలో ఒక రకమైన ఆల్జీమర్స్ అంతకుముందు నుంచే ఉంది. నేను మంచం దగ్గరికి వెళితే చాలు, కాలు ముడుచుకునేవారు. “లేవండి, వాకర్ పట్టుకోండి, కుడి కాలు ముందుకు వేయండి” అనేవాణ్ణి. చెయ్యి తోసేసేవారు. ఒకసారి కొట్టారు కూడా, గట్టిగానే తగిలింది. వరసగా మూడు రోజులు కేస్‌షీట్‌లో ఒకే మాట రాశాను: “సహకరించడం లేదు.” నాలుగో రోజు అది కూడా రాయడానికి బద్ధకించి “పై విధంగానే” అని పెట్టాను.

ఆ వారం పాఠం ఈ జబ్బు చరిత్ర. దాన్నెవరూ శ్రద్ధగా చూడరు, క్విజ్‌లో ఒక ప్రశ్న వస్తుందంతే. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఆస్పత్రికి ఆగస్టె అనే 51 ఏళ్ల ఆవిణ్ణి తీసుకొచ్చారు. అక్కడి డాక్టరు ఆలోయిస్ ఆల్జీమర్ ఆవిడ ఎదురుగా కూర్చుని, తను అడిగింది అడిగినట్టు, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. పేరేమిటి? ఆగస్టె. ఇంటిపేరు? ఆగస్టె. మీ ఆయన పేరు? ఆగస్టె, అనుకుంటాను. పేరు రాయమంటే రాయలేక, “నన్ను నేను పోగొట్టుకున్నాను” అంది. ఆ మనిషి చనిపోయాక 1906లో ఆయన ఆ కేసు గురించి సభలో చెప్పడం, 1910లో మానసిక వైద్యుడు క్రేపెలిన్ ఆ జబ్బుకి ఆయన పేరు పెట్టడం నువ్వూ చదివే ఉంటావు. నాకు పట్టుకున్నది ఆ కాగితాల సంగతి. ఎన్నో దశాబ్దాలు కనబడకుండా పోయిన ఆ ఫైలు 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దొరికింది. అన్నేళ్ల తర్వాత తెరిచినా ఆవిడ గొంతు వినబడుతోంది. నా కేస్‌షీట్ తెరిస్తే ఎవరి గొంతు వినబడుతుంది? నా విసుగే.

మర్నాడు ఆ పెద్దాయన దగ్గర అలా రాసి చూద్దామనిపించింది. కోర్సులో కూడా డైస్ అనే పద్ధతి చెప్పారు. జరిగింది జరిగినట్టు వర్ణించడం, కారణం వెతకడం, అందరూ కలిసి ఉపాయం ఆలోచించడం, అది పనిచేసిందో లేదో చూడటం. నేను మొదటి మెట్టు దగ్గరే ఆగాను. “కుడి కాలు కదపగానే నుదురు ముడిపడింది, ముఖం వంకర పోయింది. ఊపిరి కాసేపు బరువుగా తీసుకున్నారు. చిన్నగా మూలిగారు. మోకాలు పైకి లాక్కుని నా చెయ్యి నెట్టారు. భుజం మీద చెయ్యి వేసి మాట్లాడితే కొద్దిగా నెమ్మదించారు.” రాసి, చదువుకుని, అలాగే నిలబడిపోయాను. ఊపిరి, మూలుగు, ముఖం, శరీరం, ఓదారిస్తే తగ్గుతుందా లేదా. 2003లో వచ్చిన పెయినాడ్ స్కేల్‌లో ఉన్న అయిదూ ఇవే! నోటితో చెప్పలేని డిమెన్షియా రోగుల నొప్పిని కొలవడానికే దాన్ని తయారుచేశారు. ఒక్కోదానికి ఎక్కువలో ఎక్కువ రెండు మార్కుల చొప్పున మొత్తం పది. లెక్కేస్తే ఏడు వచ్చింది.

మందుల చార్టు చూశాను. నొప్పి మాత్ర రాసే ఉంది. “అవసరమైతే, అడిగితే ఇవ్వాలి” అని. అడగడం మర్చిపోయిన మనిషికి, అడిగితే ఇమ్మని రాసిన మందు. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఒక్కటి కూడా ఇవ్వలేదు. నర్సుల తప్పంటానా? వాళ్లు చదివేది మా నోట్సే కదా. నేను “నొప్పి” అని ఒక్క రోజూ రాయలేదు.

డాక్టరుగారికి ఆ నోట్స్ చూపించాను. ఆయన మందుని వేళ ప్రకారం ఇచ్చేలా మార్చారు, నేను ఎక్సర్‌సైజ్ ఆ మందు పనిచేసే సమయానికి జరుపుకున్నాను. ఇంకోటి కూడా మార్చాను. మూడు మాటలు ఒకేసారి చెప్పడం మానేశాను. “లేద్దామా?” అని చెయ్యి చాపి ఊరుకోవడం. ఆ ఊరుకోవడం ఎంత కష్టమో! పదో సెకనుకే నోరు ఊరుకోదు. కానీ ఆయనకి ఆ మాట లోపలికి వెళ్లి కాలిదాకా చేరడానికి అంత టైం పట్టేది. మధ్యలో నేను ఇంకోసారి చెబితే మళ్లీ మొదటి నుంచే. అయిదో రోజు వాకర్‌తో 12 అడుగులు వేశారు. మధ్యలో ఆగి “ఎవరబ్బాయివి నువ్వు?” అని అడిగారు. మీ తాతయ్య పేరు చెప్పాను. తెలుసన్నట్టు తలూపారు. అది కూడా కేస్‌షీట్‌లో రాశాను. తర్వాత రౌండ్స్‌లో ఎవరో చదివి నవ్వారట.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెర ముందు కూర్చుంటే చేతికి పని రాదన్న నీ మాట నిజమే. వణుకుతున్న చెయ్యి ఎంత బరువుంటుందో వీడియో చెప్పదు. కానీ నా చేతికి 28 ఏళ్ల పని వచ్చి కూడా ఆ పెద్దాయన నొప్పి నాకు కనబడలేదు. కాబట్టి గంటలు గంటలు చూడకు. షిఫ్ట్ అయ్యాక అసలు చూడకు, ఆ నిద్రమత్తులో ఏదీ ఎక్కదు. డ్యూటీకి వెళ్లే ముందు పదిహేను నిమిషాలు, ఒకే ఒక్క సంగతి. దాన్ని ఆ రోజు ఒకే ఒక్క మనిషి దగ్గర పెట్టి చూడు, చూసింది చూసినట్టు రాయి. రాయడం మాత్రం మానొద్దు. “గొడవ చేస్తున్నారు”, “మొండి”, “తిరుగుతూ ఉంటారు” అని చెయ్యి అలవాటుగా రాయబోయినప్పుడల్లా ఆపి, ఎప్పుడు, ఎక్కడ, దేనికి ముందు, ఏమన్నారు అని రాయి. సాయంత్రం తిరిగే మనిషి బాత్రూమ్ వెతుకుతూ ఉండొచ్చు. జ్ఞాపకశక్తి పరీక్షలో జవాబులు చెప్పని ఆవిడ చెవి మిషన్ డ్రాయరులో ఉండొచ్చు. రెండోది నేను కళ్లారా చూశాను. ఆ రోజు ఆవిడకి వేసిన మార్కులు ఆవిడ మెదడువి కావు, చెవులవి.

మెదడు భాగాల పాఠం విసుగొస్తే పక్కన పెట్టు, తర్వాత చదవొచ్చు. రెండు మూడు పాఠాలు మాత్రం బాగా నిద్రపోయి లేచి చదువు. ఒకటి డెలీరియం, అంటే ఉన్నట్టుండి వచ్చే అయోమయం. ఇంటివాళ్లు వచ్చి “నిన్నటిదాకా ఇలా లేరమ్మా” అంటే దాన్ని జబ్బు ముదరడం అనుకోవద్దు. గంటల్లో, రోజుల్లో మారిన మనిషికి ఇన్ఫెక్షనో, మూత్రం ఆగడమో, మలబద్ధకమో, ఒంట్లో నీరు తగ్గడమో, కొత్త మందో ఉంటుంది, వెతకాలి. అరిచేవాళ్లని అందరూ పట్టించుకుంటారు. మూలన మగతగా పడుకున్నవాళ్లే తప్పిపోతారు. వాళ్లకీ అదే ఉండొచ్చు. రెండోది లూయీ బాడీ డిమెన్షియా. లేని మనుషులు కనబడుతున్నారంటారు, ఒకరోజు చురుగ్గా ఉండి మర్నాడు అయోమయంగా ఉంటారు, నడక పార్కిన్సన్స్‌లా ఉంటుంది. వాళ్లకి గొడవ తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి యాంటీసైకోటిక్ మందు పడితే ప్రాణం మీదికి రావొచ్చు. అసలు ఏ డిమెన్షియాలోనైనా ఆ జాతి మందులు పెద్దవాళ్లలో మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో వాటిలో కొత్తరకం వాటికి, 2008లో హాలోపెరిడాల్ లాంటి పాతవాటికి మందు కాగితం మీద పెట్టె కట్టి హెచ్చరిక రాయించింది. నైట్ డ్యూటీలో “ఒక డోసు వేసి పడుకోబెడదాం” అన్నప్పుడు నీకు ఇది గుర్తుండాలి.

ఇంకోటి చెబుతాను, నర్సుగా నీకు నా కంటే బాగా పనికొస్తుంది. ఆల్జీమర్స్‌కి వాడే డోనెపెజిల్‌ని మెదడులో జ్ఞాపకానికి తోడ్పడే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పెంచడానికి ఇస్తారు. దానివల్ల కొందరికి మూత్రం ఆపుకోలేని తొందర వస్తుంది. అది చూసి ఆ తొందర తగ్గించే ఆక్సీబ్యుటినిన్ రాస్తారు. అదేమో అదే ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కోవడం. చార్టులో రెండూ పక్కపక్కన కనబడితే డాక్టర్ని అడుగు. ఏది ఆపాలో వాళ్లు చూసుకుంటారు, అడగడం మాత్రం నీ పని.

నీ నాలుగో వారం అసైన్‌మెంట్‌లో సొంత అనుభవం రాయమన్నారన్నావు. పేరు తీసేస్తే సరిపోదు. వయసు, మంచం నంబరు, ఇంటివాళ్ల ఉద్యోగం, ఫోటో, ఏదీ ఉండకూడదు. పై పెద్దాయన గురించి కూడా ఆయన్ని గుర్తుపట్టేవి కొన్ని మార్చే నీకు రాశాను.

మొన్న నీ వార్డులో ఒక కూతురు “నేను వచ్చి వెళ్లింది అయిదు నిమిషాలకే మర్చిపోతుంది, ఎందుకు రావాలి?” అని ఏడ్చిందనీ, నీ దగ్గర జవాబు లేకపోయిందనీ చెప్పావు. అమెరికాలో అయోవా యూనివర్సిటీ వాళ్లు 2014లో దీని మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. ఆల్జీమర్స్ ఉన్నవాళ్లకి బాధ కలిగించే దృశ్యాలు, సంతోషం కలిగించే దృశ్యాలు వేరువేరుగా చూపించారు. ఏం చూశారో వాళ్లకి కాసేపటికే గుర్తులేదు. ఆ బాధ, ఆ సంతోషం మాత్రం దృశ్యాలు మరుపున పడ్డాక కూడా మనసులో ఉండిపోయాయి. ఆవిడ మళ్లీ వస్తే ఇది చెప్పు. పేర్లూ తారీఖులూ అక్కర్లేదు, నీ మాటల్లో చెప్పు. మనకీ వర్తిస్తుందది. పొద్దున ఎక్సర్‌సైజ్‌లో నేను విసుక్కుంటే, మధ్యాహ్నం స్నానం చేయించడానికి వెళ్లిన మనిషి దెబ్బ తినేది అందుకే.

సర్టిఫికెట్ సంగతి అడిగావు. కోర్సు పూర్తిచేశావనే తప్ప, దాంతో కొత్త హోదా ఏదీ రాదు. చదువు గంటల కింద లెక్కలోకి తీసుకుంటారో లేదో ఇప్పుడే మీ నర్సింగ్ కౌన్సిల్‌లో కనుక్కో, అయ్యాక కాదు. నాకు సగం గంటలే ఒప్పుకున్నారు. మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

మానాలా వద్దా అనేది నీ ఇష్టం. ఈ వారం ఒక్క నోట్ మాత్రం నేను చెప్పినట్టు రాసి చూడు. ఆదివారం నీకు ఆఫ్ కదా, పేర్లు తీసేసి ఫోన్‌లో చదివి వినిపించు. క్విజ్‌లో డెలీరియం ప్రశ్నలు తికమక పెడతాయి, అవి కూడా అప్పుడే చూద్దాం. పదింటిలోపు మాత్రం ఫోన్ చేయకు, ముందు పడుకో.

నాన్న