మురుగు లైను ఎక్కడ తేలుతుందో అనుమతిలో రాయండి

సంపాదకులకు నమస్కారం.

పరిశ్రమల వ్యర్థజలాలను ప్రజా మురుగు లైన్లలోకి వదలాలంటే 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 25వ సెక్షన్ కింద కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తప్పనిసరి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల ఆరో షెడ్యూలు ప్రకారం, నదులు, చెరువుల్లోకి వదిలే నీటిలో బీవోడీ (నీటిలోని సేంద్రియ మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదు. మురుగు లైనులోకైతే 350 దాకా వదలవచ్చు. విషపూరిత లోహరూపమైన హెక్సావలెంట్ క్రోమియానికి నదులు, చెరువుల్లో 0.1, మురుగు లైనులో 2 మిల్లీగ్రాములు పరిమితి. లైను చివర ఉండే శుద్ధి కేంద్రంలో సూక్ష్మజీవులు ఆ మురుగును శుద్ధి చేస్తాయన్న భరోసాతోనే ఇంత సడలింపు ఇచ్చారు. (క్రోమియాన్ని అవి జీర్ణించుకోలేవన్నది వేరే సంగతి.) లైను అలాంటి కేంద్రానికి చేరకపోతే దాన్ని నదిలోకి వదిలినట్టే లెక్కించాలని కూడా అదే షెడ్యూలు చెబుతోంది.

హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న మా వీధిలో అర్ధరాత్రి దాటాక మ్యాన్‌హోల్ మూత జరిపిన చప్పుడు, తెల్లారేసరికి దాని అంచున పసుపు నురగ, కళ్లు మండించే ఘాటు మామూలైపోయాయి. మా లైను నేరుగా నాలాలో కలిసి, అక్కడినుంచి మూసీకి పోతోంది. అంటే మా లైనుకు వర్తించాల్సింది 30 పరిమితే తప్ప 350 కాదు.

కాబట్టి ప్రతి సమ్మతి పత్రంలోనూ వ్యర్థజలం ఏ లైనులో కలుస్తుందో, ఆ లైను ఏ శుద్ధి కేంద్రానికి చేరుతుందో స్పష్టంగా రాసి, దాని ప్రతిని వార్డు కార్యాలయంలో అంటించాలి. నమూనా తీసే గుంతను ప్రహరీ బయట కట్టించి, తనిఖీలను పగటికి పరిమితం చేయకుండా రాత్రి రెండు గంటలకూ జరపాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హైదరాబాద్