బడి మైదానాల గేట్లు సాయంత్రం తెరిచి ఉంచండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

వేసవి సెలవులు వచ్చాయంటే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. చెరువులో ఈతలు, మామిడితోటలో దొంగచాటు కాయలు, చిర్రగోనె, గోటీలు, చీకటి పడేదాకా ఆటలు, ఇంటికొచ్చాక అమ్మ తిట్లు. అలాంటి బాల్యం చూసిన చివరి తరం మనదేనంటూ అది ముగుస్తుంది. కింద మా వయసువాళ్ల నమస్కారాలు వరసగా వచ్చి పడతాయి. ఆ వెంటనే ఈ కాలం పిల్లల మీద తీర్పులు: ఫోన్లకు బానిసలయ్యారు, ఎండ కన్నెరగరు, నలుగురిలో కలవరు. ప్రభుత్వ బడుల్లో చాలాకాలం పాఠాలు చెప్పినవాడిని. ఆ తీర్పు అన్యాయమని గట్టిగా నమ్ముతున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ బంగారు కాలం సంగతి. నేను పెరిగింది ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక పల్లెలో, 1970లలో. ఆటలు ఆడిన మాట నిజమే. కానీ ఆ ఆటల్లో లేని పిల్లలే ఎక్కువ. మా ఈడువాళ్లు చాలామంది పెద్ద రైతుల ఇళ్లలో జీతానికుండేవాళ్లు. మేం బడి విడిచి వచ్చేసరికి వాళ్లింకా పసుల వెంటే ఉండేవాళ్లు. ఆడపిల్లలు చంకలో తమ్ముణ్ణో చెల్లెల్నో ఎత్తుకుని ఓ పక్కన నిలబడి చూసేవాళ్లు. పెద్దమనిషి అయ్యాక ఆ చూడటం కూడా బంద్. ఊళ్లో పిల్లలూ వాడలో పిల్లలూ కలిసి ఆడింది నాకు గుర్తు లేదు. పోలియోతో కాలు పడిపోయిన మా క్లాసు పిల్లవాడు గట్టు మీద కూర్చుని మా అంగీలకు కాపలా కాసేవాడు.

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. 1981 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు నూటికి ఇరవై మంది. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో తిరిగి, పనిలో ఉన్న పిల్లలను బడికి తేవడానికి ఎంత పోరాడిందో మా ఉపాధ్యాయులకు తెలుసు. పోలియో లేని దేశమని మనకు గుర్తింపు వచ్చింది 2014లో. మెసేజ్‌లో ఇవేవీ ఉండవు. బతికి బట్టకట్టి, బడి మొహం చూసినవాళ్లం రాసుకుంటున్న జ్ఞాపకాలవి. పిల్లల బతుకు అప్పటికంటే ఇప్పుడు చాలా విధాల మెరుగు. దాన్ని దాచిపెట్టి పాత రోజులను పొగడటం, ఆ రోజుల్లో నలిగిపోయిన మా తోటివాళ్లను మరిచిపోవడమే.

అయినా ఒకటి మాత్రం అప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. జాగా. బొడ్రాయి దగ్గర ఖాళీ, గుడి ముందు చదును, నీళ్లు తగ్గాక తేలే చెరువు శిఖం, కోతలయ్యాక కళ్లాలు, వరి కోసిన మడులు. ఇది ఎవరిదని అడిగినవాడు లేడు. ఆట మొదలుపెట్టడానికి ఒక గీత గీస్తే చాలు.

ఆ జాగాను అమ్మింది, కొన్నది, కబ్జా చేసింది పిల్లలు కాదు. చెరువు శిఖాల్లో ప్లాట్లు పడ్డాయి. కళ్లాలు రోడ్డు పక్క మడిగెలయ్యాయి. లేఅవుట్ వేస్తే 10 శాతం స్థలం పార్కుకూ ఆటస్థలానికీ వదలాలని నిబంధన ఉంది. వదలకుండా అమ్ముకున్న లేఅవుట్లు ఎన్నో. తెలంగాణలో అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే 2020 ఎల్ఆర్ఎస్ పథకం నిబంధనల ప్రకారం, అలా స్థలం వదలని చోట ప్లాటు కొన్నవాళ్లు దాని విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టాలి. అంటే పిల్లల ఆటస్థలానికి ప్రభుత్వమే వెల కట్టింది. ఈ పద్దు కింద వచ్చిన సొమ్ము ఎంత, దాంతో ఏ కాలనీలో ఎన్ని గజాల జాగా కొన్నారు? ప్రతి మున్సిపాలిటీ వార్డుల వారీగా ఈ లెక్క బయటపెట్టాలి. ఇల్లు కట్టుకోవాలని కష్టపడి ఆ చార్జీ కట్టిన తల్లిదండ్రులకు అడిగే హక్కు ఉంది.

ఇక మిగిలింది వీధి. గల్లీలో రెండు వైపులా కార్లు, మధ్యలోంచి బైకులు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు పొట్టనపెట్టుకున్నాయి. ఆ వార్త చూసిన ఏ తల్లి ధైర్యంగా పిల్లవాణ్ణి బయటికి పంపుతుంది? పంపలేక ఇంట్లో కూర్చోబెడుతుంది. కూర్చోబెట్టాక చేతికి ఫోను ఇస్తుంది. 2020లో కరోనాతో బడులు మూసేసినప్పుడు పాఠాల కోసమని మనమే ఇచ్చాం. తరువాత బడులు తెరిచాం గాని ఆటకు చోటు చూపించలేదు.

బడిలోనైనా ఆట ఉందా? 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, బడికి ఉండాల్సినవాటిలో తాగునీటితో పాటు ఆటస్థలాన్నీ చేర్చింది. అయినా అపార్ట్‌మెంటు లాంటి భవనాల్లో, కింద దుకాణాలు పైన క్లాసులుగా నడిచే ప్రైవేటు బడులు మన పట్టణాల్లో అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. మైదానం ఉన్న చోట కూడా గేమ్స్ పీరియడ్‌ను లెక్కల సారుకు ఇచ్చేస్తారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, సెలవుల్లో కూడా క్లాసులు. అయిదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొద్దున ఏడింటికి బస్సెక్కి సాయంత్రం ట్యూషన్ నుంచి ఇల్లు చేరే పిల్లకు ఆ గంట ఎక్కడ దొరుకుతుంది?

జాగా దొరికితే మన పిల్లలు ఏం చేస్తారో చూడటానికి దూరం పోనక్కర్లేదు. మా వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్. నా చిన్నప్పుడు ఓ పక్కన నిలబడి చూసిన ఆడపిల్లల్లో ఇలాంటివాళ్లు ఎందరుండేవారో అనిపించి మనసు కలుక్కుమంటుంది. అందరూ పతకాలు తేవాలని కాదు. ఓడిపోవడం, అలిగి వెళ్లి మళ్లీ వచ్చి కలవడం, ఔటా కాదా అని పెద్దల సాయం లేకుండా తేల్చుకోవడం ప్రతి పిల్లకూ కావాలి.

కొత్త మైదానాలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. జిల్లా పరిషత్ హైస్కూళ్లకు, ప్రభుత్వ కాలేజీలకు చాలాచోట్ల పెద్ద మైదానాలున్నాయి. ఊరి దాతలు ఇచ్చిన భూములు వాటిలో ఎన్నో. బడి విడిచాక వాటి గేట్లకు తాళం పడుతుంది, సెలవుల్లో నెలన్నర తెరుచుకోదు. ప్రధానోపాధ్యాయుల టెన్షన్ నాకు తెలుసు. పొద్దున వచ్చేసరికి వరండాలో మందు సీసాలు, విరిగిన నల్లాలు ఉంటాయి. పిల్లవాడికి దెబ్బ తగిలితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆయనే. అందుకే ఈ బాధ్యత ఆయన మీద పెట్టకూడదు. తరగతి గదుల వైపు ఒక కంచె వేసి, మైదానం గేటు తాళం సాయంత్రం వేళ, సెలవు రోజుల్లో పంచాయతీకో మున్సిపాలిటీకో అప్పగిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. రెండు లైట్లు, ఒక నల్లా, ఒక కాపలా మనిషి చాలు. ఆడపిల్లలకు విడిగా సమయం కావాలంటే ఊరి మహిళా సంఘాలే చూసుకోగలవు. ఊళ్లో ఖాళీగా ఉన్న డిగ్రీ కుర్రాళ్లకు కాస్త గౌరవవేతనం ఇస్తే ఆటలూ ఆడిస్తారు.

జూన్ 12న బడులు తెరుచుకునేలోగా ప్రతి జిల్లాలో కనీసం మండలానికొక మైదానంతోనైనా ఇది మొదలుపెట్టాలని విద్యాశాఖను, జిల్లా కలెక్టర్లను కోరుతున్నాను. ఎవరి ఊళ్లో ఏ మైదానానికి తాళం ఉందో పాఠకులు కూడా మీ పత్రికకు రాయాలని నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ