వేతన ఓటులో మన మౌనాన్ని సమ్మతిగా లెక్కపెడుతున్నారు

సంపాదకులకు నమస్కారములు.

బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే నర్సులకు 2025-26 సంవత్సరానికి ప్రభుత్వం ప్రకటించిన 3.6 శాతం పెంపును నర్సుల యూనియన్ అయిన రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్‌లోని ఇంగ్లండ్ సభ్యులు తిరస్కరించిన సంగతి మీ పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. ఓటు వేసినవారిలో 91 శాతం మంది వద్దన్నారు. ‘నెలకు లక్షల్లో జీతం తీసుకుంటూ ఇంకా ఈ పేచీ ఏమిటి’ అని అడిగే బంధువులకు అప్పటి నుంచి ఫోనులో విడివిడిగా జవాబు చెబుతూనే ఉన్నాను. ఇంగ్లండ్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న నేను ఆ జవాబును మీ పత్రిక ద్వారా అందరికీ ఒకేసారి చెప్పుకోవాలని, అంతకంటే ముఖ్యమైన మరొక మాటను ఇక్కడి తోటి తెలుగు నర్సుల ముందు, వారి తల్లిదండ్రుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ ఫలితంలో 91 కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టిన అంకె 56. అది పోలైన ఓట్ల శాతం. మిగిలిన 44 శాతం మంది ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. నేను ఎరిగిన తెలుగు నర్సుల్లో చాలామంది ఆ 44 శాతంలోనే ఉన్నారు.

ముందుగా జీతం సంగతి. ఇక్కడ వైద్యులు మినహా దాదాపు ఎన్‌హెచ్‌ఎస్ సిబ్బంది అందరికీ 2004 నుంచి ‘అజెండా ఫర్ చేంజ్’ అనే ఒకే వేతన విధానం అమలులో ఉంది. అందులో జీతాల స్థాయిలను బ్యాండ్‌లు అంటారు, కొత్తగా చేరిన నర్సు బ్యాండ్ 5లో ఉంటుంది. 3.6 శాతం పెంపుతో ఆ బ్యాండ్ ప్రారంభ జీతం ఇంగ్లండ్‌లో ఏడాదికి 29,970 పౌండ్ల నుంచి 31,049 పౌండ్లకు చేరింది. పెరిగింది 1,079 పౌండ్లు, అంటే నెలకు 90 పౌండ్లు. అందులో పింఛను చందా, ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రత చందా పోగా పే స్లిప్పులో చివరి గడిలో కనిపించే పెంపు 60 పౌండ్లకు అటూఇటూగా ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో ధరల పెరుగుదల 3.5 శాతం. పౌండ్లను రూపాయల్లోకి మార్చి చూసే మనవాళ్లకు 31 వేల పౌండ్లు పెద్ద మొత్తంగానే కనిపిస్తాయి. కానీ అద్దె, కరెంటు బిల్లు, కౌన్సిల్ పన్ను, పిల్లల సంరక్షణ ఖర్చు అన్నీ పౌండ్లలోనే కట్టాలని వారికి గుర్తుచేయక తప్పదు.

అసలు పేచీ శాతం దగ్గరే ఆగలేదు. ఇక్కడ మంత్రసానులు, అంబులెన్సుల్లో పనిచేసే పారామెడిక్‌లు తొలి శిక్షణ కాలం ముగిశాక సాధారణంగా బ్యాండ్ 6కి చేరుకుంటారు. నర్సుకు అలాంటి మార్గం లేదు. పై బ్యాండ్‌లో ఖాళీ వచ్చినప్పుడు దరఖాస్తు చేసుకుని ఇంటర్వ్యూలో నెగ్గాలి. రాత్రి డ్యూటీలో వార్డు మొత్తం బాధ్యత చూస్తూ, కొత్తవారికి పని నేర్పుతూ, ఏళ్ల తరబడి బ్యాండ్ 5లోనే ఉండిపోయిన అక్కలు ప్రతి ఆసుపత్రిలోనూ ఉన్నారు. బాధ్యత పెరిగినప్పుడు బ్యాండ్ కూడా పెరగాలన్నది యూనియన్ అడుగుతున్న ప్రధాన సంస్కరణల్లో ఒకటి, నా దృష్టిలో అన్నిటికంటే న్యాయమైనది.

ఇక ఈ పెంపు నిర్ణయమయ్యే తీరు. మన దగ్గర ఐదేళ్లకోసారి పీఆర్సీ అన్నట్టు కాకుండా ఇక్కడ ఏటా వేతన సమీక్షా సంఘం ప్రభుత్వం నుంచి, యూనియన్ల నుంచి వాదనలు తీసుకుని సిఫారసు చేస్తుంది. దాన్ని ఆమోదించాలో లేదో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఏప్రిల్ 1 నుంచి రావలసిన పెంపు కొన్నేళ్లపాటు నెలల తరబడి ఆలస్యమైంది. 2024 నాటి 5.5 శాతాన్ని జూలై చివర్లో ప్రకటించారు, డబ్బు శరదృతువులో బకాయిలతో కలిపి చేతికందింది. ప్రకటన వెలువడ్డాక ‘ఇది మీకు సమ్మతమేనా’ అని యూనియన్లు తమ సభ్యులను అడుగుతాయి. సభ్యుల సంప్రదింపు అంటే ఇదే. సమ్మెకు చట్టప్రకారం జరిపే ఓటు దీనికి పూర్తిగా వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్ల చాలామంది మొదటిసారి ఓటు వేసి, ‘మన పని అయిపోయింది’ అనుకుని రెండోసారి కవరు విప్పనైనా విప్పరు.

2023లో జరిగింది ఇదే. ఆ కథ ఇక్కడి తెలుగు నర్సులందరికీ తెలియాలి. సమ్మె చేయరాదన్న నియమాన్ని 1995లో మాత్రమే తొలగించుకున్న రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్, 1916లో స్థాపించిన నాటి నుంచి ఇంగ్లండ్‌లో ఏనాడూ సమ్మెకు దిగనిది, 2022 డిసెంబరు 15న తొలిసారి దిగింది. ఆ అక్టోబరులో ధరల పెరుగుదల 11.1 శాతానికి చేరగా, చాలామందికి దక్కిన పెంపు ఏడాదికి 1,400 పౌండ్లు మాత్రమే. సమ్మెల తర్వాత ప్రభుత్వం 2023-24కి 5 శాతం పెంపును, దానికి అదనంగా గడిచిన ఏడాదికి ఒక్కసారి ఇచ్చే మొత్తాన్ని ప్రతిపాదించింది. అంగీకరించడమే మంచిదని యూనియన్ నాయకత్వం సభ్యులకు సిఫారసు చేసింది. సభ్యులు 61 శాతం ఓటింగుతో, 54 - 46 తేడాతో ఆ సిఫారసును తోసిపుచ్చారు. నాయకులు తమ మాట ఓడిపోయిందని ఒప్పుకుని సభ్యుల మాట వెంట నడిచారు. సంప్రదింపు అనే పేరుకు తగిన నడవడి అది. అందుకు ఆ నాయకత్వాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను.

అయితే ఆ తిరస్కారానికి బలం చాలలేదు. ఈ సేవలో ఒక్క యూనియన్ లేదు. ప్రతిపాదనపై తుది మాట చెప్పే స్టాఫ్ కౌన్సిల్‌లో అన్ని యూనియన్లకూ వాటి సభ్యుల సంఖ్యను బట్టి విలువ ఉంటుంది. యూనిసన్ అనే మరో యూనియన్ సభ్యుల్లో ఓటు వేసిన 74 శాతం మంది అంగీకరించారు, జీఎంబీ అనే ఇంకో యూనియన్ కూడా అంగీకరించింది. మే 2న కౌన్సిల్ ఔనంది. కాదన్న నర్సులకూ అదే 5 శాతం వచ్చింది. దానికి ముందే, ఏప్రిల్ 27న, సమ్మె ఓటు చెల్లుబాటుకు ఉన్న ఆరు నెలల గడువు ముగుస్తున్నందున మే 2 నాటి సమ్మె చెల్లదని హైకోర్టు తీర్పు చెప్పడంతో అప్పటికే పిలుపునిచ్చిన సమ్మెను ఒక రోజు కుదించుకోవలసి వచ్చింది. ఇక ఉద్యమాన్ని కొనసాగించాలంటే మళ్లీ ఓటు జరగాలి. ఆ ఓటు జూన్‌లో ముగిసింది. వేసినవారిలో 84 శాతం మంది సమ్మెకు ఔనన్నారు. కానీ సభ్యుల్లో ఓటు వేసింది 43 శాతమే. 2016 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం ప్రకారం అప్పట్లో కనీసం 50 శాతం పోలవ్వాల్సి ఉండేది. 84 శాతం సమర్థన ఉన్నా ఉద్యమం అక్కడితో ఆగిపోయింది. నర్సులు వేతన పోరాటాన్ని విరమించుకున్నారని ఆనాడు చాలామంది అనుకున్నారు. విరమించుకోలేదు. కవర్లు తిరిగి పోస్టులో పడలేదు, అంతే.

అప్పట్లో సమ్మె ఓటు ఆన్‌లైన్‌లోనో ఫోనులోనో సాగేది కాదు. బ్యాలెట్ పత్రాన్ని ఇంటి చిరునామాకు పోస్టులో పంపాలని, సభ్యులు దాన్ని పోస్టులోనే తిప్పి పంపాలని చట్టం నిర్దేశించింది. ఇది ఇల్లు మారని మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు. మనవాళ్లు ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఉంటారు. విదేశీ నర్సులు ఇక్కడ రాయవలసిన ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్ష నెగ్గి రిజిస్ట్రేషన్ వచ్చాక నలుగురితో కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటారు. భర్త, పిల్లలు వచ్చాక ఇంకో ఇంటికి మారతారు. బ్యాంకులో, ఆసుపత్రిలో చిరునామా మార్చుకుంటారు గానీ యూనియన్‌లో మార్చుకోవాలన్న ఆలోచన రాదు. మా వార్డులో ఒక చెల్లెలు తన పాత ఇంటి నుంచి మిగిలిన సామాను తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు, గుమ్మం వెనక హోటళ్ల కరపత్రాల కుప్పలో తన పేరుతో వచ్చిన బ్యాలెట్ కవరు కనిపించింది. చేరవలసిన తేదీ అప్పటికే దాటిపోయింది. తపాలా ఖర్చు కూడా ముందే చెల్లించి ఉన్న తిరుగు కవరు అందులో అలాగే ఉంది. ఓటు వేయాలన్న మనసు ఆ అమ్మాయికి ఉంది, అయినా లెక్కలో ఆమె వేయనివారిలో చేరింది.

కాని చిరునామా కంటే పెద్ద అడ్డంకి భయం. ‘మనం పరాయి దేశంలో ఉన్నాం, వీసా ఆసుపత్రి చేతిలో ఉంది, నీకెందుకమ్మా ఈ గొడవలు’ అని ఇంటి నుంచి తల్లిదండ్రులు చెప్పే మాటలో ప్రేమే ఉంది, దాన్ని నేను తప్పుపట్టను. శాశ్వత నివాసానికి పట్టే కాలాన్ని సాధారణంగా ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచాలని 2025 మేలో ప్రభుత్వం శ్వేతపత్రంలో ప్రతిపాదించిన తర్వాత ఆ భయం మరింత పెరిగింది. అయితే నియమాలు ఏమంటున్నాయో తెలిసి భయపడటం వేరు, తెలియక భయపడటం వేరు. వీసా మీద వచ్చిన ఉద్యోగికి కూడా యూనియన్‌లో చేరే హక్కు ఇక్కడ పుట్టినవారితో సమానంగా ఉంది. సమ్మె ఓటు రహస్యమైనది, దాన్ని స్వతంత్ర పర్యవేక్షకుల చేతిమీదుగా జరపాలి. ఎవరు ఓటు వేశారో, ఎటు వేశారో ఆసుపత్రికి తెలియదు. యూనియన్ చందాను జీతంలో కోతగా కాకుండా బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్టేవారి సభ్యత్వం సంగతి కూడా పేరోల్ విభాగానికి ఆ దారిన తెలియదు. ఏడాదిలో నాలుగు వారాలకు మించి జీతం లేకుండా గైర్హాజరైతే వీసాకు ఆధారమైన ఆసుపత్రి స్పాన్సర్‌షిప్‌కు ముప్పు వస్తుందన్న నియమం నిజమే, కానీ చట్టబద్ధంగా పిలుపునిచ్చిన సమ్మెలో పాల్గొన్న రోజులకు ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది. అన్నిటికీ మించి, సమ్మెకు ఔనని ఓటు వేసినంత మాత్రాన సమ్మె రోజున పని మానేయాలన్న కట్టుబాటు ఎవరికీ లేదు. ఆ రోజు జీతం పోతుంది, ఇంటికి పంపవలసిన డబ్బు తగ్గుతుంది, కాబట్టి ఆ నిర్ణయం అప్పుడు ఎవరికి వారు తీసుకోవలసిందే. సమ్మె వద్దనుకునేవారు కూడా వద్దని రాసి పంపాలి. ఆ మాటకూ అంతే విలువ ఉంది.

2025 డిసెంబరులో ఆమోదం పొందిన ఉద్యోగ హక్కుల చట్టం ఈ నిబంధనలను దశలవారీగా సడలిస్తోంది. 50 శాతం షరతును ఎత్తివేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. దాంతో ఇక ఓటింగ్ శాతం గురించి బెంగ అక్కర్లేదని కొందరు అంటున్నారు. నేను ఏకీభవించను. చట్టం ఏం చెప్పినా, చర్చల బల్ల దగ్గర కూర్చున్న మంత్రి ముందుగా చూసేది ఎంతమంది నోరు విప్పారన్నదే. 2024లో 5.5 శాతాన్ని ఓటు వేసినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది కాదన్నారు, కానీ పాల్గొన్నవారు 45 శాతమే. మరుసటి ఏడు ఆ సంఖ్య 56కు పెరగడం నిజంగా సంతోషకరం. అయినా అది అభిప్రాయ సేకరణ మాత్రమే, సమ్మె ఓటు కాదు.

తప్పంతా సభ్యులదేనని నేను అనడం లేదు. యూనియన్లు సంప్రదింపు పేరుతో పంపే ఈమెయిళ్లలో నాయకుల ఆవేశం కనిపించినంతగా అసలు ప్రతిపాదన కనిపించదు. ఒక్కసారి ఇచ్చే మొత్తానికీ, మూల వేతనంలో కలిసే పెంపుకూ తేడా ఏమిటి, పింఛను మీద దాని ప్రభావం ఎంత, ఇతర యూనియన్లు ఔనంటే మన కాదనడానికి ఏమవుతుంది అన్నవి ఒక పేజీలో తేలిక మాటల్లో రాసి ఇవ్వడం కష్టమైన పని కాదు. అంతర్జాతీయంగా వచ్చిన నర్సుల కోసం వీసా నియమాలను ఓటు పత్రంతో పాటే పంపాలి. ఆన్‌లైన్ సమావేశాలు సాయంత్రం ఏడు గంటలకు పెడతారు. అది సరిగ్గా పగటి డ్యూటీవారు రాత్రి డ్యూటీవారికి రోగుల వివరాలు అప్పగించే వేళ. వార్డులో ఉన్నవారెవరూ రాలేని వేళలో సమావేశం పెట్టి, హాజరు తక్కువగా ఉందని బాధపడటంలో అర్థం లేదు.

మీ పత్రిక చదివే ఇళ్లలో ఇంగ్లండ్‌లో నర్సుగా పనిచేస్తున్న కూతురో కోడలో ఉంటే, ఈ వారం ఫోను చేసినప్పుడు ఆమె యూనియన్ సభ్యత్వంలో ఉన్న చిరునామా ఇప్పటి ఇంటిదో కాదో ఒకసారి అడగండి. మార్చుకోవడానికి యూనియన్ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాలు చాలు.

ఇట్లు,
ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న ఒక తెలుగు నర్సు