పుస్తకాలకని అడిగిన ఎనిమిది వేలు

కావలి,
14-12-2025.

తల్లీ స్వాతీ,

ఇక్కడ అందరం బాగున్నాం. వానలకు వెనక గోడ కొంత ఒరిగింది, బాగుచేయించాను. నాయనమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. తొమ్మిది రోజులుగా నీ ఫోను లేదు. పరీక్షలని తెలుసు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. నిన్న పెంచలయ్య మామయ్య వచ్చి కాఫీ తాగి వెళ్తూ, గుమ్మంలో నిలబడి ఒక మాట అన్నాడు. అది తరువాత రాస్తాను.

కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ వచ్చే ఆదివారం పినాకిని రైల్లో బాషా చేతికిచ్చి పంపుతున్నాను. ల్యాబుకు చెప్పులతో వెళ్లకు, బూట్లు వేసుకో.

పెంచలయ్య అన్నదేమిటంటే, మీ కాలేజీలో కొందరు పిల్లలు ఎవరికో డబ్బు కట్టి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారట. నువ్వని ఆయన అనలేదు. నేనూ అనుకోవడం లేదు. పోయిన నెల పుస్తకాలకని నువ్వడిగిన ఎనిమిది వేలు పుస్తకాలకే అయి ఉంటాయి.

నేను డిప్లొమా అయ్యాక 1993లో ట్రంకు రోడ్డు మీద కాలిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టే సాయిబు గారి వైండింగ్ షాపులో చేరిన సంగతి నీకు సగమే చెప్పాను. అప్పట్లో తుమ్మలపెంట వైపు ఎటు చూసినా రొయ్యల గుంటలే. ఉప్పుగాలికి మోటార్లు కాలిపోయి బండ్ల మీద వచ్చేవి. మూడు నెలలు సాయిబు గారు నన్ను కొత్త తీగ ముట్టనివ్వలేదు. కాలిన కాయిళ్లు విప్పడం, చుట్లు లెక్కపెట్టడం, తీగ మందం కొలవడం, నోట్‌బుక్‌లో రాయడం, అంతే. డిప్లొమా చదివినవాడిని, నాకు ఎంత మంటగా ఉండేదో! జీతం శనివారం ఇరవై రూపాయలు.

ఒక సాయంత్రం ఆయన పెళ్లికని నెల్లూరు వెళ్లారు. చీకటి పడుతుండగా ఒక రైతు గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటారు తెచ్చాడు. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు తగ్గి రొయ్యలు పైకి తేలతాయి, ఈలోపు తిరగాలి అన్నాడు. సరే అన్నాను. చుట్లన్నీ లెక్క ప్రకారమే వేశాను. కావలసిన మందం తీగ షాపులో లేదు, ఒక నంబరు సన్నది వాడాను. గుంట గట్టు మీద స్టార్టర్ నొక్కగానే తిరిగింది. రైతు నా చేతిలో యాభై పెట్టాడు. అరగంట తిరక్క ముందే సన్న తీగ వేడెక్కి పొగ వచ్చింది. ఆ గుంటలో రొయ్యలు ఎన్ని పోయాయో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మరునాడు సాయిబు గారు తిట్టలేదు. నా నోట్‌బుక్‌లో నా చేతిరాతతోనే ఉన్న మందం మీద వేలు పెట్టి, "ఇంకా సన్న తీగలు రెండు జతచేసి చుట్టి ఉంటే సరిపోయేది కదా" అన్నారు. రైతు దగ్గర రూపాయి తీసుకోకుండా తనే మళ్లీ చుట్టి ఇచ్చారు. ఆ యాభై మాత్రం నా చేత తిరిగి ఇప్పించారు.

ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. కానీ చెప్పు, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ పక్కన పెట్టి "ఏం చేశావు?" అంటే ఏమంటావు? నీది ఎలక్ట్రికల్. కృష్ణపట్నం దగ్గర నేలటూరు థర్మల్ విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. మీ విభాగాధిపతి చేత లేఖ రాయించుకుని శిక్షణకు అడుగు. సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం అంటూ పెంచలయ్య నెలకు 5,000 భత్యం గురించి చెప్పాడు గానీ, ఈ 2025 నియమాల ప్రకారం అది 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకు, అదీ పూర్తికాలం చదువులో లేనివాళ్లకు. నీకు ఇప్పుడు కుదరదు. ఎక్కడ చేరినా రోజూ ఏం చూశావో, ఏం పాడుచేశావో రాసుకో. పని నేర్పేవాడు డబ్బు ఇవ్వకపోతే పోనీ, ఎదురు డబ్బు అడిగితే మాత్రం లేచి వచ్చెయ్యి.

ఒకవేళ కట్టేసి ఉంటే కట్టేశావు. మీ అమ్మకు నేను చెప్పుకుంటాను. రసీదు ఉంటే పారేయకు, అడిగి చూద్దాం. కట్టకపోతే ఆ ఎనిమిది వేలకు ఏయే పుస్తకాలు కొన్నావో పేర్లు రాసి పంపు. ఊరికే, నేనూ తెలుసుకుందామని.

ఊరగాయ సీసా మూత వదులుగా ఉంది, ప్లాస్టిక్ కవరు చుట్టి దారం కట్టాను. నిటారుగానే పెట్టు. బాషా రైలు విజయవాడ చేరేసరికి రాత్రవుతుంది, స్టేషనుకు ఒక్కదానివే రాకు. ముందు ఫోను చెయ్యి.

మీ నాన్న