టైరు ఎక్కడికీ పోదు, ముందు మనుషుల్ని దాటించు

విజయవాడ,
డిసెంబరు 21, ఆదివారం.

ఒరేయ్ బావా,

నువ్వు కొన్న సెకండ్ హ్యాండ్ కారు ఫొటోలు చూశాను. బానెట్ మీద పసుపు బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ పట్టుకుని అత్తయ్య నిలబడటం, అన్నీ చూసి చాలా సంతోషమేసింది. నిన్న ఫోన్‌లో సగం మాట్లాడేసరికి నీకు ఆఫీసు కాల్ వచ్చింది. నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోయింది. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే నువ్వు చదవవని నాకు తెలుసు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నా. సంక్రాంతికి చెల్లెమ్మని, పిల్లల్ని, అత్తయ్యని ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి నువ్వే నడుపుకుంటూ వస్తానన్నావు కదా, బయల్దేరేలోపు ఇది చివరిదాకా చదువు.

ముందు, మొన్న దసరాకి మాకు జరిగింది చెప్తాను. నీకప్పుడు "పంక్చర్ పడింది, ఇంటికొచ్చేసరికి లేటయింది" అని మాత్రమే చెప్పాను. అసలు సంగతి అంత చిన్నది కాదు.

మరదలి ఇంటి నుంచి తిరిగొస్తున్నాం. కొర్లపహాడ్ టోల్ దాటాం, సూర్యాపేట ఇంకా రాలేదు. పొద్దుగుంకి పది నిమిషాలై ఉంటుంది. వెనక దడదడమని శబ్దం మొదలై, బండి వెనక భాగం అటూ ఇటూ ఊగినట్టయింది. పక్కకి తీసి ఆపి చూస్తే, కుడివైపు వెనక చక్రం గాలి మొత్తం పోయి నేలకి కరుచుకుని ఉంది. కుడివైపంటే బళ్లు దూసుకెళ్లే వైపు.

అప్పుడు నేనేం చేశానో చెప్తా విను. డిక్కీలో సూట్‌కేసులన్నీ తీసి రోడ్డు పక్కన పడేశాను. పిల్లలు వెనక సీట్లో ఉండగానే కింద జాకీ పెట్టి లేపడం మొదలుపెట్టాను. మీ చెల్లెలు నా పక్కనే నిలబడి ఫోన్ లైటు పట్టుకుంది. నేను రోడ్డుకి వీపు పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఇంతలో ఒక లారీ మా పక్కనుంచి పోయింది. దాని గాలికి జాకీ మీదున్న కారు వణికింది. ఆ వణుకు నా అరచేతికి తెలిసింది బావా. లోపల పిల్లలిద్దరూ ఉన్నారు.

మాకు కాస్త ముందు, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఇంకో లారీ ఆగి ఉంది. ఆ డ్రైవరు మమ్మల్ని చూసి నడుచుకుంటూ వచ్చాడు. అరవై ఏళ్లు దగ్గరపడ్డ మనిషి, భుజం మీద తువ్వాలు. వచ్చి టైరు వంక కూడా చూడలేదు. నేరుగా ఎడమవైపు తలుపు తీసి, చిన్నదాన్ని ఎత్తుకుని, పెద్దవాడి చెయ్యి పట్టుకుని రెయిలింగ్ అవతలకి తీసుకెళ్లాడు. "అమ్మా, నువ్వు కూడా ఇటు రా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "సార్, ముందు మనుషుల్ని దాటించాలి. టైరు ఎక్కడికీ పోదు" అన్నాడు.

ఆయన ఆ రోజు చేసిన పనులన్నీ నాకు వరసగా గుర్తున్నాయి. జాకీ దింపించాడు. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని, ఆ పోయిన టైరు మీదే మెల్లగా తన లారీ ఉన్నచోటికి తీసుకురమ్మన్నాడు. టైరు పాడైపోతుందేమో అన్నాను. "టైరు నాలుగు వేలు సార్" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

అక్కడ రోడ్డుకి బాగా ఎడంగా ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయించి, ఫస్ట్ గేర్‌లో పెట్టించాడు. లేపబోయే చక్రానికి ఎదురు మూలనున్న ముందు చక్రానికి రెండు పక్కలా రాళ్లు అడ్డం పెట్టాడు. బండి నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలట. లేపాక తిప్పితే చక్రం కూడా తిరుగుతుంది, బండి జాకీ మీద నుంచి జారుతుంది. నట్లు మెషీన్‌తో బిగించి ఉన్నాయేమో, పానా మీద నా బరువంతా వేసినా కదల్లేదు. ఆయన లారీలోంచి మూరెడు ఇనుప పైపు తెచ్చి పానా చివర తొడిగాడు. కిర్రుమని ఒక్కొక్కటీ కదిలింది. చక్రం ఊడదీశాక దాన్ని బండి కిందకి తోశాడు, ఒకవేళ జాకీ జారినా బండి చక్రం మీద ఆగుతుందని. తిరిగి బిగించేటప్పుడు పక్కపక్కవి కాకుండా ఎదురెదురు నట్లు బిగించుకుంటూ వచ్చాడు.

ఇక స్టెప్నీ సంగతి. అందులో గాలి లేదు. కారు కొన్న రోజు నుంచి ఒక్కసారి కూడా దానికి గాలి చూపించలేదు నేను. ఆయన దాన్ని దొర్లించుకుంటూ లారీ దగ్గరికి తీసుకెళ్లి, లారీ ఎయిర్ ట్యాంక్‌కి పైపు తగిలించి గాలి పట్టాడు. ఆ దారిన అలాంటి మనిషి లేకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో ఆలోచించడానికే ఇష్టం లేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. పోయేముందు చక్రానికి పెట్టిన రాళ్లు, వెనక గుర్తుగా పెట్టిన చెట్టుకొమ్మలు అన్నీ ఏరి గట్టు అవతల పారేశాడు. అవి వదిలేస్తే తెల్లారేలోపు ఏ బైకువాడో పడతాడట. రోడ్డు మీద అలా వదిలేసిన రాళ్లు నువ్వూ నేనూ ఎన్నిసార్లు చూడలేదు చెప్పు.

అందుకే బావా, దారిలో బండి మొరాయిస్తే నీ చెయ్యి ముందు బానెట్ మీదకి పోకూడదు. ఎడమకి తీసి, నాలుగు ఇండికేటర్లూ వేసి, అందరినీ ఎడమ తలుపుల్లోంచి దింపి, రెయిలింగ్ అవతల, కారుకి కాస్త వెనగ్గా నిలబెట్టు. కారు ముందు నిలబెట్టకు, వెనకనుంచి ఏదైనా వచ్చి గుద్దితే కారు ముందుకే వస్తుంది. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులని కారులోనే కూర్చోబెట్టకు, చెయ్యి పట్టుకుని దింపు. దిగే వీలే లేని ఫ్లైఓవర్ మీదో ఇరుకు వంతెన మీదో ఆగితే మాత్రం బెల్టులు పెట్టుకుని లోపలే ఉండి ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్ చెయ్యి.

తర్వాత ఎర్ర త్రికోణం. కారుతో పాటు ఇచ్చేది డిక్కీలో ఉండాలి, లేకపోతే కొనుక్కో. అందరూ దాన్ని కారు వెనక పది అడుగుల్లో పెడతారు. గంటకి ఎనభైతో వచ్చే బండి సెకనుకి ఇరవై రెండు మీటర్లు వస్తుంది. పది అడుగుల్లో దాన్ని చూసినవాడు ఇక చేసేదేమీ ఉండదు. హైవే మీద నూరు పెద్ద అంగలు లెక్కపెట్టుకుని వెనక్కి నడువు. రెయిలింగ్ అవతల నుంచి నడువు, త్రికోణాన్ని వచ్చే బళ్లకి కనపడేలా ముందు పట్టుకుని నడువు. ఆ తర్వాత జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చెయ్యి. ఎక్కడున్నావంటే "సూర్యాపేట దగ్గర" అనకు, పక్కనున్న కిలోమీటరు రాయి మీద నంబరు, ఎటు వెళ్తున్నావో చెప్పు. ఈ నంబర్లు, ఇన్సూరెన్స్‌వాళ్ల నంబరు ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డు అరలో పెట్టు. ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజు కాగితమే దిక్కు.

కుడివైపు చక్రమైతే రోడ్డు పక్కన మార్చడానికి కూర్చోకు. మెల్లగా వెడల్పైన చోటుకో, ఢాబా ముందుకో, బంకులోకో తీసుకెళ్లు. రిమ్ము పోతే పోనీ.

ఇప్పుడు నీ కారు సంగతి. నువ్వు పంపిన ఫొటోల్లో వెనక టైరుని పెద్దది చేసి చూశాను. పక్కన కోడిగుడ్డు ఆకారం గడిలో 3117 అని ఉంది. అంటే 2017లో 31వ వారంలో తయారైన టైరు. ఎనిమిదేళ్లు దాటింది. గాడులు బాగానే ఉన్నాయని అమ్మినాయన చూపించి ఉంటాడు, బండి తక్కువ తిరిగింది కాబట్టి ఉంటాయి. కానీ రబ్బరు ఎండకి గట్టిపడిపోతుంది. గోరుతో పక్కగోడ మీద గీసి చూడు, సన్నటి పగుళ్లు కనపడితే ఇక ఆలోచించకు. చక్రం పక్కన ఎక్కడైనా బుడిపె లేచి ఉన్నా అంతే. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ ఉగాదికి చూద్దువుగాని, సంక్రాంతిలోపు ఆ టైర్లు మార్చెయ్యి. ఈ ఒక్క విషయంలో నేను నీ మాట వినను.

గాలి కూడా అంతే ముఖ్యం. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, ఎంత గాలి ఉండాలో దాని మీదే రాసి ఉంటుంది. నిండా మనుషులు, సామాన్లు ఉంటే ఎంతో కూడా చాలా కార్లకి విడిగా రాసి ఉంటుంది, నువ్వు చూడాల్సింది అది. బంకులో కుర్రాడు అడక్కుండా తనకి అలవాటైన అంకె కొట్టేస్తాడు, నువ్వే చెప్పు. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించు. వేడికి పేలుతుందని గాలి తగ్గించుకునేవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. నిజం దానికి తలకిందులు. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టులోనూ నలిగి, ఆ నలుగుడుకే వేడెక్కి పేలుతుంది. స్టెప్నీకి కూడా గాలి చూపించు.

ఒకవేళ నడుస్తుండగా టైరు పేలితే బ్రేకు మీద కాలు వెయ్యకు. రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నేరుగా ఉంచు, యాక్సిలరేటర్ మెల్లగా వదులు, బండి తనంతట తను నెమ్మదించాక ఎడమకి తీసుకో. కాలు బ్రేకు మీదకి తనంతటతనే పోతుంది, అందుకే ఇప్పుడే మనసులో రెండుమూడు సార్లు అనుకుని ఉంచుకో.

మిగతావి ఆదివారం పొద్దున పది నిమిషాల పని. బానెట్ తీసి కూలెంట్ డబ్బాలో నీళ్లు కింది గీతకీ పై గీతకీ మధ్య ఉన్నాయా, ఆయిల్ పుల్ల తీసి తుడిచి మళ్లీ ముంచితే రెండు గుర్తుల మధ్య తడి కనపడుతోందా చూడు. బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే శుభ్రం చేయించు. దాన్ని ఎప్పుడు మార్చారో అమ్మినాయన్ని అడుగు, నాలుగేళ్లు దాటితే చలికాలం పొద్దున ఏదో ఒక రోజు మొండికేస్తుంది. బ్రేక్ ఆయిల్ కూడా ఎప్పుడు మార్చారో అడుగు.

ఇంజన్ వేడెక్కే సంగతి ఒక్కటి మాత్రం వివరంగా చెప్పాలి. వేడి ముల్లు పైకి పోతే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టు. ఉక్కపోస్తుంది, అయినా ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. ఆ వీలుతో మంచి చోటు చూసి ఆపు. ఆపాక రేడియేటర్ మూత ముట్టుకోకు. అరగంటైనా ఆగు. మా మెకానిక్ కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం వేరే రంగులో, ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది. పదహారేళ్లప్పుడు తొందరపడి మూత తిప్పాడట. వేడి నీళ్లు లోపల నొక్కుకుని ఉంటాయి, మూత వదులైన మరుక్షణం మీదకి చిమ్ముతాయి. ఇప్పటికీ ఆయన షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదటి రోజు ఆ చెయ్యే చూపిస్తాడు.

సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి ఇంకొక్కటి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఊళ్లో సగం కాలనీలు మునిగాయి కదా. మా వీధివాళ్ల కార్లు కూడా సీట్లదాకా నీళ్లలో ఉన్నాయి. అలాంటివి కడిగి, మెరుగుపెట్టి అమ్మేవాళ్లు ఉంటారు. నీ కారు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు. లోపల దాగున్న భాగంలో మట్టి మరక ఉంటే నీళ్లు చూసిన బండే. సీటు కింది బోల్టులకి తుప్పుందా అని కూడా చూడు.

ఇక దారి. పండగ రద్దీ తప్పించుకోవాలని తెల్లవారుజామున మూడింటికి బయల్దేరతానన్నావు. వద్దు. జనవరిలో చౌటుప్పల్ దాటితే పొగమంచు ఒక్కోసారి బానెట్ కొస కూడా కనపడనివ్వదు. ఆ మంచులో వెనక లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీలంటే నాకు చాలా భయం. ఎండ కాస్త పొడిచాకే ఇల్లు కదులు, టోల్ దగ్గర గంట నిలబడినా ఫర్వాలేదు. దారిలో మంచు తగిలితే లైట్లు కిందికి వేసి మెల్లగా రా. నాలుగు ఇండికేటర్లు వేసుకుని నడపకు, నువ్వు ఆగున్నావో కదులుతున్నావో వెనకవాడికి తెలియదు. మరీ కనపడకపోతే రోడ్డు అంచున ఆపకు, బంకులోకి వెళ్లిపో.

వచ్చే ఆదివారం నాకు హైదరాబాద్‌లో పని ఉంది. పొద్దున్నే మీ ఇంటికొస్తాను. టిఫిన్ అయ్యాక మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక చక్రం విప్పి మళ్లీ బిగిద్దాం, నువ్వొకసారి, చెల్లెమ్మ ఒకసారి. పాత ప్యాంటు వేసుకో. మూరెడు ఇనుప పైపు ఒకటి కొని ఉంచాను, నీ డిక్కీలో పెట్టడానికి తెస్తున్నా. పిల్లల్ని కూడా కిందికి తీసుకురా. బండి ఆగగానే ఏ తలుపు లోంచి దిగాలో, ఎక్కడికెళ్లి నిలబడాలో వాళ్లకి మావయ్య నేర్పుతాడని చెప్పు.

ఉంటాను,
నీ బావ