కంపెనీకి కావాల్సింది డబ్బు కాదు, పరీక్షలు

సంపాదకుడు గారికి,

ఎనిమిది రోజుల పని మీద వెళ్లిన సునీతా విలియమ్స్ 286 రోజులకు తిరిగొచ్చేదాకా మనమంతా టెన్షన్‌గా ఎదురుచూశాం. ఆమె క్షేమంగా దిగాక ఆమెను తీసుకెళ్లిన బోయింగ్ వారి స్టార్‌లైనర్ నౌక సంగతి వదిలేశాం. మనుషుల్ని అంతరిక్షానికి పంపే కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ చతికిలబడితే ప్రభుత్వం ఏం చెయ్యాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

2014లో నాసా బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్ల కాంట్రాక్టులిచ్చింది. ధర ముందే ఖాయం, ఖర్చు పెరిగితే కంపెనీయే భరించాలి. అయినా ఆ తర్వాత బోయింగ్‌కు 28.7 కోట్ల డాలర్లు అదనంగా ఇవ్వడానికి ఒప్పుకుంది. బోయింగ్ తప్పుకుంటుందేమోనన్న భయం కూడా అందుకో కారణం. నాసా పనుల్ని తనిఖీ చేసే అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరలే 2019లో దీన్ని తప్పుపట్టారు. సరిగ్గా తర్వాతి నెలలో, మనుషుల్లేకుండా ఎగిరిన స్టార్‌లైనర్ తన గడియారం 11 గంటలు తేడా పడి అంతరిక్ష కేంద్రం దాకా వెళ్లలేకపోయింది.

అలాగని బోయింగ్‌ను సాగనంపాలనే వాళ్లతో నేను ఏకీభవించను. 2025 జూన్‌లో ట్రంప్‌తో గొడవపడి, తమ నౌక డ్రాగన్‌ను పక్కన పెట్టేస్తానని స్పేస్‌ఎక్స్ అధినేత మస్క్ ప్రకటించారు. కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గారనుకోండి. కానీ అప్పటికి అమెరికా దగ్గర వ్యోమగాముల్ని అంతరిక్ష కేంద్రానికి చేర్చే నౌక అదొక్కటే! ఒక్కరి కోపతాపాల మీద ఒక దేశం ఆధారపడకూడదు.

మరి సాయం ఎలా చెయ్యాలి? స్టార్‌లైనర్‌ను అటూ ఇటూ తిప్పే చిన్న ఇంజన్లు, అంటే థ్రస్టర్ల సంగతే చూడండి. 2022లో మనుషుల్లేని రెండో పరీక్షలోనే కొన్ని మొరాయించాయి. అసలు కారణం పూర్తిగా తేలకుండానే 2024 జూన్‌లో ఇద్దరు వ్యోమగాముల్ని ఎక్కించారు. అంతరిక్ష కేంద్రం దగ్గరికి చేరేసరికి 28 థ్రస్టర్లలో 5 ఆగిపోయాయి. అప్పుడు న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో అలాంటి థ్రస్టర్‌నే నేల మీద పదేపదే మండించి చూశారు. వేడికి లోపలి చిన్న టెఫ్లాన్ సీలు ఉబ్బి, ఇంధనం సాఫీగా పారకుండా అడ్డుపడుతోందని కనిపించింది. ఆ పరీక్ష చేసేటప్పటికి ఇద్దరు మనుషులు పైన ఉన్నారు. మధ్యలో రెండేళ్లు ఖాళీగానే ఉంది కదా! ప్రభుత్వం సాయపడాల్సింది అక్కడే. తన పరీక్షా కేంద్రాలు, తన ఇంజనీర్లు, కావాలంటే ఉచితంగా ఇవ్వాలి. రొక్కం మాత్రం ఇవ్వకూడదు.

ఫర్వాలేదని బోయింగ్ చెప్పినా నాసా వినకుండా నౌకను ఖాళీగా దించింది. 2003లో కొలంబియాతో పాటు కల్పనా చావ్లాను పోగొట్టుకున్న మనకు ఆ నిర్ణయం విలువ తెలుసు. తర్వాతి ప్రయాణంలో సరుకులే పంపాలని, ఖాయం చేసిన ప్రయాణాల్ని ఆరు నుంచి నాలుగుకు తగ్గించాలని 2025 నవంబరులో తీసుకున్న నిర్ణయం కూడా మంచిదే.

మన వ్యోమగాముల్ని పంపే గగన్‌యాన్‌కు చాలా భాగాలు మన ప్రైవేటు సంస్థలూ చేస్తున్నాయి. రేపు మొత్తం నౌకే వాళ్ల చేతికి రావచ్చు. ఒక పరీక్షలో కనిపించిన లోపానికి కారణం తేలేదాకా తర్వాతి నౌకలో మనిషి ఎక్కకూడదని, ఆ పరీక్షల ఫలితాలు ప్రజల ముందు పెట్టాలని ఇస్రో ఇప్పుడే ఒప్పందాల్లో రాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సూళ్లూరుపేట