రాత్రిపూట వ్యాయామం చేసేవాళ్లూ మీ పాఠకులే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీని నేను వదలకుండా చదువుతాను. అందులో తరచూ కనిపించే ఒక సలహా గురించే ఈ ఉత్తరం. బరువు తగ్గాలంటే పొద్దున్నే వ్యాయామం చేయాలి, సాయంత్రం ఏడు దాటాక ఏమీ తినకూడదు అన్నది ఆ సలహా. పొద్దున తీరిక ఉన్నవాళ్లకు అది సరిపోతుందేమో. నేను ఆడిట్ ఆఫీసులో పని చేస్తాను. బయటపడేసరికే ఏడవుతుంది. ఎనిమిదికి జిమ్, తొమ్మిదింబావుకు భోజనం, పదకొండుకు పడక. ఆ వేళ జిమ్‌లో కనిపించేదంతా నాలాంటి వాళ్లే. డ్యూటీ దిగి వచ్చే నర్సులు, షాపు కట్టేసి వచ్చేవాళ్లు, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చే తల్లులు. ఈ సలహా మాకు ఉపయోగపడకపోగా కొందరికి హాని చేస్తోంది.

ఈమధ్య ఒకమ్మాయి స్క్వాట్స్ చేస్తూ కళ్లు తిరిగి కూలబడింది. నీళ్లు తాగించి అడిగితే, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఏమీ తినలేదంది. ఇంటికి వెళ్లాక కూడా తినదట, ఏడు దాటిపోయింది కాబట్టి. ఒంటిగంట భోజనం మీద మర్నాడు పొద్దుటిదాకా ఉండాలి, మధ్యలో బరువులు ఎత్తాలి! "వారమంతా బాగానే ఉంటానండీ, ఆదివారం వచ్చేసరికి ఆపుకోలేకపోతున్నా" అని ఏడ్చేసింది. తనకు పట్టుదల లేదని ఆ పిల్ల నమ్ముతోంది. అన్ని గంటలు పస్తుండి బరువులెత్తే మనిషికి పట్టుదల లేకపోవడమేమిటి? ఆమె చేతికి ఎవరో ఇచ్చిన లెక్కే సరైంది కాదు.

నేను అంకెలు చూసే మనిషిని కాబట్టి నా అంకెలే చెబుతాను. నాకు 44 ఏళ్లు, 64 కిలోలు, 160 సెంటీమీటర్లు. ఏ పనీ చేయకుండా పడుకున్నా శరీరం రోజుకు ఎన్ని క్యాలరీలు ఖర్చు చేస్తుందో అంచనా వేయడానికి మిఫ్లిన్–సెయింట్ జియోర్ అనే సూత్రం ఉంది. 1990లో వచ్చింది, డైటీషియన్లు ఇప్పటికీ ఎక్కువగా వాడేది ఇదే. ఆడవాళ్లకైతే బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలిపి, అందులోంచి వయసుకు ఐదు రెట్లూ, మరో 161 తీసేయాలి. నాకు 1,259 వస్తుంది. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, దాని మీద సాయంత్రం వ్యాయామం కాబట్టి 1.5తో గుణిస్తే రోజు ఖర్చు దాదాపు 1,890 క్యాలరీలు. నేను 1,600 తింటాను. తేడా 290. కిలో కొవ్వుకు దాదాపు 7,700 క్యాలరీలు అనుకుంటే నెలకు కిలో దగ్గర తగ్గాలి. శరీరం ఇంత కచ్చితంగా నడుచుకోదు, తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది. అయినా మొదలుపెట్టడానికి ఇది చాలు. ఈ లెక్కలో గడియారానికి చోటు లేదని గమనించండి. అదే 290 లోటు, భోజనం ఏడుకు చేసినా తొమ్మిదింబావుకు చేసినా.

గడియారం పాత్ర అసలే లేదని నేననడం లేదు. 2022లో హార్వర్డ్ పరిశోధకులు బరువు ఎక్కువున్న 16 మందికి అవే భోజనాలను నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టి చూశారు. ఆకలి పెరిగింది, క్యాలరీల ఖర్చు కొంత తగ్గింది. అదే ఏడాది స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో చేసిన మరో అధ్యయనంలో ఎక్కువ భాగం పొద్దున తిన్నా, రాత్రి తిన్నా బరువు తగ్గడంలో తేడా రాలేదు. కానీ పొద్దున ఎక్కువ తిన్నప్పుడు ఆకలి తక్కువగా ఉంది. రెండూ చిన్న అధ్యయనాలే. వాటి నుంచి నేను తీసుకున్నది ఒక్కటే: రాత్రి తిండిని కొట్టేయడం అక్కర్లేదు, రోజు తిండిలో పెద్ద భాగాన్ని పగటివైపు జరిపితే చాలు.

అందుకే నా 1,600ను ఇలా పంచుకుంటాను. పొద్దున 400, మధ్యాహ్నం 550, సాయంత్రం ఐదున్నరకు ఆఫీసులోనే 250, వ్యాయామం తర్వాత 400. అందరూ ఎగ్గొట్టేది ఆ ఐదున్నర తిండినే. నా దృష్టిలో రోజు మొత్తానికీ కీలకమైనది కూడా అదే. అందులో పిండి పదార్థం ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉండేలా చూసుకుంటాను. కొవ్వు కడుపులోంచి కదలడానికి టైమ్ పడుతుంది, బరువులెత్తేటప్పుడు పొట్టలో బరువుగా ఉంటుంది. ఎనిమిదింటికి ఒంట్లో శక్తి ఉంటుంది, తొమ్మిదికి ఇల్లు చేరాక కనిపించినదల్లా తినేసేంత ఆకలి ఉండదు. పగలంతా పొదుపు చేసి రాత్రికి దాచుకున్నవాళ్లు రాత్రి తినేది 400 దగ్గర ఆగదు. మా జిమ్‌లో ఎవరినడిగినా ఇదే చెబుతారు.

వ్యాయామం తర్వాతి భోజనం తేలిగ్గా ఉండాలి, కానీ ఉండాలి. కండ మరమ్మతు రాత్రి నిద్రలో కూడా సాగుతుంది. అందుకు ప్రోటీన్ కావాలి. వ్యాయామం చేసేవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.4 నుంచి 2 గ్రాములు చాలంటారు. నేను దాదాపు 100 గ్రాములు తీసుకుంటాను, అందులో 30 రాత్రికి. నూనెలో వేయించినవి, బాగా కారంగా ఉండేవి ఆ పూట ముట్టను. నిండు కడుపుతో వెంటనే పడుకుంటే ఛాతీలో మంట రావచ్చు కాబట్టి పడకకూ భోజనానికీ మధ్య గంటన్నరైనా ఉంచుతాను.

చేతి వాచీ చూపించే అంకెల గురించి కూడా మీ పేజీలో ఒక మాట రావాలి. నేను 45 నిమిషాలు బరువులెత్తితే ఊరికే కూర్చున్నప్పటి కన్నా అదనంగా ఖర్చయ్యేది 200 క్యాలరీల దరిదాపుల్లో ఉంటుంది. నా వాచీ దానికి రెట్టింపు చూపిస్తుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు రకాల వాచీలను పరీక్షిస్తే, క్యాలరీల విషయంలో అన్నిటికన్నా మెరుగైన దానిలోనే సగటున 27 శాతం తేడా వచ్చింది. అన్నిటికన్నా వెనకబడినదానిలో 93 శాతం. గుండె వేగం మాత్రం చాలావరకు సరిగ్గానే చూపించాయి. వాచీ 400 చూపించిందని రాత్రి 400 అదనంగా తింటే పగలంతా కష్టపడి ఉంచిన లోటు ఆ ఒక్క పూటలో పూడిపోతుంది.

రాత్రి వ్యాయామం నిద్ర చెడగొడుతుందనీ రాస్తుంటారు. 2019లో జ్యూరిచ్ పరిశోధకులు 23 అధ్యయనాలను కలిపి చూస్తే, సాయంత్రం వ్యాయామం మొత్తం మీద నిద్రకు అడ్డు కాలేదు. పడుకునేముందు గంటలోపు దాకా తీవ్రంగా చేసినప్పుడే ఇబ్బంది కనిపించింది. నిద్ర చెడగొట్టేది చాలాసార్లు జిమ్‌కు ముందు కుర్రాళ్లు కలుపుకు తాగే కెఫీన్ పొడులు. 400 మిల్లీగ్రాముల కెఫీన్ పడకకు ఆరు గంటల ముందు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లోనే తేలింది. రాత్రి ఏడున్నరకు తాగితే ఇంకేముంది? నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, క్యాలరీల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు నాకు నిజంగా భయం కలిగించే విషయం. మా తమ్ముడు ఇన్సులిన్ మీద ఉన్నాడు. సాయంత్రం షటిల్ ఆడిన రోజు షుగర్ చూసుకోకుండా పడుకోడు. వ్యాయామం తర్వాత కండలు చాలా గంటలపాటు చక్కెరను ఎక్కువగా లాక్కుంటూనే ఉంటాయి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లకు నిద్రలోనే షుగర్ పడిపోవచ్చు. అలాంటి మనిషి మీ పేజీ చదివి, రాత్రి ఎనిమిదికి జిమ్‌కు వెళ్లొచ్చి, ఏడు దాటిందని తినకుండా పడుకుంటే ఏమవుతుందో ఆలోచించండి.

మీ నుంచి కోరేది రెండు. 'ఏడు తర్వాత తినొద్దు' అని రాసిన ప్రతిసారీ, షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా రాత్రి భోజనం మానొద్దని అదే పెట్టెలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. రాత్రిపూట వ్యాయామం చేసేవాళ్ల కోసం, షిఫ్టుల్లో పని చేసేవాళ్ల కోసం అర్హత ఉన్న డైటీషియన్ చేత ఒక శీర్షిక రాయించండి. ప్రశ్నలు పంపమంటే మా జిమ్ నుంచే బోలెడు వస్తాయి. కళ్లు తిరిగి పడిపోయిన ఆ అమ్మాయి మొదటి ప్రశ్న అప్పుడే రాసి నాకిచ్చింది: సాయంత్రం ఆఫీసులో తినడానికి పది నిమిషాలు కూడా దొరకని రోజు ఏం చేయాలి?

— ఆడిట్ ఆఫీసులో పని చేసే ఒక పాఠకురాలు